37 ఏళ్లకే నా ఎదుగుదల ఆగిపోయిందా? – ఒక సైకాలజిస్టు జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీకు 37 ఏళ్లు. సొంతూరు ప్రొద్దుటూరు, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. మీటింగులో ఎదురుగా కూర్చున్న మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోతోంది. ఆఫీసులో లిఫ్టు పనిచేయని రోజు నాలుగో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక ఏదో వెలితి. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న స్నేహితుడు ఇదే ఊళ్లో, కాడుగోడిలో ఉంటున్నాడు, అతన్ని చూసి రెండేళ్లయింది. అమ్మేమో ఏలినాటి శని అంటున్నారు, ఆఫీసువాళ్లు మిడ్‌లైఫ్ క్రైసిస్ అంటున్నారు. "మనిషి ఎదుగుదలంతా ముప్పైలోపే అయిపోతుందా, ఇక మిగిలింది దిగడమేనా?" అని మీరు అడిగారు.

అయిపోదు. ఒళ్లు, బుద్ధి, నలుగురితో కలిసి బతకడం: ఈ మూడూ ఒకే వేగంతో పెరగవు, ఒకే ఏడు తగ్గడం మొదలుపెట్టవు. మీ వయసుకి ఒంట్లో తరుగుదల మొదలైన మాట నిజం, అది చాలా చిన్నది, చాలావరకు మన చేతిలో ఉన్నది. బుద్ధి చాలా విషయాల్లో ఇంకా పైకే వెళ్తోంది. మూడోది మాత్రం మీ విషయంలో చాలా కాలంగా నీళ్లు లేక ఎండుతోంది. ఆయాసం ఒకచోట పుట్టింది, మతిమరుపు ఇంకోచోట, వెలితి మరోచోట. మూడింటినీ ఒకే మూటగట్టి "నా పని అయిపోయింది" అనుకుంటున్నారు. నా గదిలోకి వచ్చే ముప్పై అయిదు, యాభై మధ్యవాళ్లలో ఎక్కువగా చూసే పొరపాటు ఇదే.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాను, 24 ఏళ్లుగా ఇదే పని. ఒక జనరల్ ఫిజీషియన్‌తో కలిసి ఒకే క్లినిక్‌లో కూర్చుంటాం. ఆయన గది నుంచి నా గదికి, నా గది నుంచి ఆయన గదికి మనుషులు తిరుగుతూనే ఉంటారు, కాబట్టి ఒంటి సంగతి కూడా కొంత చెప్పగలను. కింద చెప్పినవాళ్లెవరినీ గుర్తుపట్టకుండా ఊళ్లు, ఉద్యోగాలు మార్చాను.

ముందు ఒళ్లు. ఎముకల గట్టిదనం దాదాపు 30 ఏళ్లకు పూర్తిగా చేరుకుంటుంది. ఆ తర్వాత ఉన్నదాన్ని కాపాడుకోవడమే. కండ అయితే ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా తరుగుతుంది, కదలకుండా కూర్చునేవాళ్లలో ఇంకా త్వరగా. గుండె కొట్టుకోగల గరిష్ఠ వేగం కూడా ఏటేటా కాస్త తగ్గుతుంది. ఇవి సహజం. కానీ 37 ఏళ్లకు నాలుగు అంతస్తులకే ఆయాసం రావడం సహజం కాదు. అది వయసు పని అని సరిపెట్టుకోకండి. పన్నెండేళ్లు రోజుకి పది గంటలు కుర్చీలో కూర్చున్న ఒళ్లు అలా మాట్లాడుతుంది. లేదా రక్తంలో ఏదో తక్కువై ఉండొచ్చు.

"ముప్పై దాటాక మెటబాలిజం పడిపోయింది మేడమ్, అందుకే పొట్ట" అని దాదాపు ప్రతివాళ్లూ అంటారు. 2021లో హెర్మన్ పాంట్జర్ అనే శాస్త్రవేత్త బృందం 29 దేశాల నుంచి, వారం రోజుల పసికందు మొదలుకుని 95 ఏళ్లవాళ్ల దాకా, 6,400 మందికి పైగా మనుషుల లెక్కలు చూసింది. ఒంటి సైజు, కండ లెక్కలోకి తీసుకుని చూస్తే 20 నుంచి 60 ఏళ్ల దాకా శరీరం శక్తిని ఖర్చుపెట్టే వేగం దాదాపు మారలేదు. అరవై తర్వాతే తగ్గడం మొదలైంది. మరి మన పొట్ట ఎక్కడిది? కండ కరగడం, కదలకపోవడం, రాత్రి పదిన్నరకి అన్నం, నిద్ర చాలకపోవడం. వీటిలో ఎక్కువ భాగం పుట్టినతేదీ వల్ల వచ్చింది కాదు. ఈ మాట చెప్పినప్పుడు కొందరికి కోపం వస్తుంది, వయసు మీద నెట్టేసే వీలు పోతుంది కదా. నాకు మాత్రం ఇది మంచి వార్తే అనిపిస్తుంది.

మనవాళ్లు ఒక్క విషయంలో మిగతా ప్రపంచం కన్నా ముందు జాగ్రత్తపడాలి. షుగరు మనకి త్వరగా వస్తుంది, తక్కువ బరువుకే వస్తుంది. చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు భారత వైద్య పరిశోధన మండలితో కలిసి దేశమంతా చేసిన సర్వే 2023లో వచ్చింది. 10.1 కోట్ల మందికి షుగరు, ఇంకో 13.6 కోట్ల మంది దాని గుమ్మం దగ్గర ఉన్నారని తేలింది. చూడ్డానికి సన్నగా ఉండి లోపల కొవ్వు పేరుకునే తీరు మన దేశంలో ఎక్కువ. మా క్లినిక్‌కి వచ్చిన 34 ఏళ్ల కడప అబ్బాయి బరువు 64 కిలోలే, స్నేహితులంతా "నీకేంట్రా, పుల్లలా ఉన్నావు" అనేవాళ్లు. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే గుమ్మం మీద ఉన్నట్టు, 6.5 గానీ అంతకు పైన గానీ ఉంటే లోపలికి వెళ్లినట్టు. అద్దంలో చూసి నిర్ణయించుకోకండి, బొడ్డు దగ్గర టేపు పెట్టి కొలవండి. మన మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

మీరు చేయించుకోవాల్సినవి: బీపీ, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12, విటమిన్ డి. మీరు గురక పెడతారేమో మీ ఆవిడని అడగండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే పగలంతా మత్తుగా, మతిమరుపుగా ఉంటుంది. శాకాహారులైతే బి12 మరీ ముఖ్యం. మతిమరుపని భయపడుతూ నా దగ్గరికి వచ్చినవాళ్లలో బి12 అడుగంటినవాళ్లని ఎందరినో చూశాను. నేను మాటలు మొదలుపెట్టకముందే ఈ కాగితం అడుగుతాను.

వ్యాయామం గురించి ఒక్క ముక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టే కదలిక, దానితోపాటు రెండు రోజులు కండకి పని. మనవాళ్లు మొదటి సగం విని నడకకి వెళ్తారు, రెండో సగం వదిలేస్తారు. తరిగేది కండ కాబట్టి రెండోదే మీకు ఎక్కువ అవసరం. జిమ్ము లేకపోయినా ఫరవాలేదు. గుంజీలు, గోడకి చేతులు ఆనించి తోయడం, నీళ్ల బాటిళ్లు ఎత్తడంతో మొదలుపెట్టండి.

నలభైల్లోకి వచ్చాక కన్ను చెబుతుంది. నాకు 43 ఏళ్లప్పుడు ఉగాదికి ముందురోజు రాత్రి మా అమ్మాయి పట్టులంగాకి హుక్కు కుడదామని కూర్చున్నాను. ట్యూబులైటు కింద సూది పట్టుకుని, దారం కొస పెదాలతో తడిపి, ఎన్నిసార్లు పెట్టినా సూది పక్కనుంచే పోతోంది. చెయ్యి దూరం జరిపితే సూది బెజ్జం కనిపిస్తుంది, అంత దూరంలో దారం పట్టు చిక్కదు. మా అమ్మాయి వచ్చి, నా చేతిలోది తీసుకుని, ఒక్కసారికే ఎక్కించి నాకిచ్చి వెళ్లిపోయింది. హిందూపురంలో మా అమ్మకి నేను అలాగే ఎక్కించి ఇచ్చేదాన్ని. సూది పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. దీనికి మన భాషలో ఉన్న మాట చూడండి: చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. కంట్లోని కటకం మెత్తదనం పోయి గట్టిపడటం వల్ల దగ్గరివి ఆనవు, ఇది అందరికీ వచ్చేదే. మన పెద్దలు దీన్ని వయసు పేరుతోనే పిలిచారు. ఒక జత కళ్లజోడుతో సరిపోయే సంగతి. అయినా కళ్లజోడు పెట్టుకోకుండా మూడేళ్లు తలనొప్పి భరించినవాళ్లు నా దగ్గరికి వస్తారు, పెట్టుకుంటే ముసలివాళ్లమైనట్టని.

మీ ప్రశ్నలో లేకపోయినా ఆడవాళ్ల గురించి రాయాలి. ఇది చదివే చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతూ ఉంటుంది, ఎవరూ పేరు పెట్టి మాట్లాడరు.

47 ఏళ్ల బ్యాంకు ఉద్యోగిని ఒకావిడ వచ్చారు. డిసెంబరు నెల, బెంగళూరు చలి. రాత్రి మూడింటికి ఒళ్లంతా సెగలు పుట్టి, చెమటతో జాకెట్టు తడిసిపోయి, లేచి కిటికీలన్నీ తెరిచేస్తారు. భర్త మంకీ క్యాపు పెట్టుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని మళ్లీ మూసేస్తారు. రోజూ గొడవే. పగలు కౌంటర్లో లెక్కపెట్టిన నోట్లే మళ్లీ లెక్కపెట్టాల్సి వస్తోందట. "నాకు పిచ్చి పడుతోంది మేడమ్, ఎవరికీ చెప్పకండి" అని ఏడ్చారు. ఆవిడకి ముట్లు ఆగే దశ. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు. అంతకుముందు కొన్నేళ్ల పాటు ఈ సెగలు, నిద్రలేమి, చిరాకు, మబ్బు పట్టినట్టుండే బుర్ర ఉంటాయి. పాశ్చాత్య దేశాల్లో సగటున 51 ఏళ్లకు వచ్చేది మన దేశంలో 46, 47కే వస్తోంది. అంటే నలభై దాటగానే లక్షణాలు మొదలవ్వొచ్చు. గైనకాలజిస్టు దగ్గరికి పంపాను, ఆవిడకి మందు అవసరమైంది. రెండోసారి భర్తని కూడా రమ్మన్నాను. అంతా విని ఆయన అన్న మాట నేను మరచిపోలేదు: "ఇది ముందే ఎవరైనా చెప్పుంటే కిటికీ కోసం మూడేళ్లు పోట్లాడుకునేవాళ్లం కాదు." అక్కలు, చెల్లెళ్లు, వాళ్ల భర్తలు ఈ ఒక్క పేరా అయినా చదవాలని నా కోరిక.

ఇప్పుడు బుద్ధి సంగతి. మీ భయమంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో వార్నర్ షై అనే ఆయన 1956లో సియాటెల్‌లో మొదలుపెట్టిన అధ్యయనం ఒకటుంది. పెద్దవాళ్లకి ప్రతి ఏడేళ్లకీ బుద్ధి పరీక్షలు పెడుతూ, అవే మనుషుల్ని దశాబ్దాల పాటు వెంబడించారు. తేలింది ఏమిటంటే, చూసి చటుక్కున స్పందించే వేగం ఇరవైల నుంచే తగ్గుతుంది. మాటల భాండారం, కారణం వెతికి పట్టుకోవడం, ఆకారాల్ని మనసులో తిప్పి చూడగలగడం లాంటివి నడివయసులోనే అన్నిటికన్నా ఎత్తున ఉంటాయి. రేమండ్ కాటెల్, జాన్ హార్న్ అనే ఇద్దరు ఈ తేడానే రెండు రకాల తెలివిగా చెప్పారు. వాటికి వాళ్లు పెట్టిన పేర్లు అక్కర్లేదు, మన తెలుగులోనే ఉన్నాయి: ఒకటి చురుకుదనం, రెండోది చెయ్యి తిరగడం. చురుకు ఇరవైలది. చెయ్యి తిరిగేది నలభైలలో.

చెయ్యి తిరగడమంటే ఏమిటో 1984లో తిమోతీ సాల్ట్‌హౌస్ అనే సైకాలజిస్టు టైపిస్టుల మీద చూపించాడు. 19 నుంచి 72 ఏళ్ల వయసు టైపిస్టుల్ని పరీక్షించాడు. దీపం వెలగగానే మీట నొక్కమంటే పెద్దవాళ్లు వెనకబడ్డారు. టైపింగు వేగంలో మాత్రం వెనకబడలేదు. ఎలాగంటే, వాళ్ల చూపు కాగితం మీద కుర్రవాళ్లకన్నా ఇంకొన్ని అక్షరాలు ముందుకి పోతోంది. వేలు నెమ్మదించిందని కన్ను ముందుకి జరిగింది. ఎవరూ నేర్పలేదు, అనుభవమే నేర్పింది.

44 ఏళ్ల ఒక టెస్టింగ్ మేనేజరుకి ఈ కథ చెప్పాను. ఆయన టీములో ఇరవై మూడేళ్ల పిల్లలు కొత్త టూల్ వారంలో నేర్చేసుకుంటుంటే తనకి నెల పడుతోందని రాత్రులు నిద్రపోవడం మానేశారు. "పోయినసారి రిలీజు ముందురోజు ఏం జరిగింది?" అని అడిగాను. బిల్డు చూసి, ఎక్కడ పగులుతుందో పరీక్ష నడపకముందే ఆయన చెప్పారట. పిల్లలు రాత్రంతా వెతికితే ఆయన వేలు పెట్టిన చోటే దొరికిందట. ఈ విషయం ఆయనే చెప్పారు, చెబుతూ దాన్ని ఒక గొప్పగా లెక్కేయలేదు. నెమ్మదించిన వేలు కనిపించింది గానీ ముందుకి జరిగిన చూపు ఆయనకి కనిపించలేదు.

మనుషుల పేర్లు నోటిదాకా వచ్చి ఆగడం వయసుతో పెరిగేదే, ముప్పైల చివర్లోనే కొందరు గమనిస్తారు. పేరుకి అర్థంతో సంబంధం ఉండదు కాబట్టి అది అన్నిటికన్నా ముందు జారుతుంది. ఆయన ఏ ఊరో, ఏ ప్రాజెక్టో గుర్తుంటుంది, పేరొక్కటే రాదు. పది నిమిషాల తర్వాత దానంతటదే వస్తే భయం లేదు. పైగా మీరు రాత్రి ఒంటిగంటకి పడుకుని ఆరింటికి లేస్తున్నానని రాశారు. అయిదు గంటల నిద్రతో ఇరవై ఏళ్ల కుర్రవాడైనా పేర్లు మరచిపోతాడు. భయపడాల్సినవి వేరు: రోజూ వెళ్లే దారి తప్పడం, అడిగిన ప్రశ్నే పది నిమిషాలకి మళ్లీ అడగడం, చేతికి అలవాటైన లెక్కలు తప్పడం, మాట తడబడటం. అవి ఉంటే న్యూరాలజిస్టుకి చూపించడంలో ఆలస్యం చేయకండి.

మిడ్‌లైఫ్ క్రైసిస్ మాట. దీన్ని 1965లో ఎలియట్ జాక్వెస్ అనే మానసిక విశ్లేషకుడు వాడాడు, కళాకారుల జీవితాలు చూసి. పత్రికలు పట్టుకుని అందరికీ అంటగట్టాయి. ఎలైన్ వెథింగ్టన్ అనే పరిశోధకురాలు 2000లో అమెరికన్లని అడిగితే అలాంటి సంక్షోభం వచ్చిందన్నవాళ్లు దాదాపు నలుగురిలో ఒక్కరే. అందులోనూ చాలామంది చెప్పింది ఉద్యోగం పోవడం, విడాకులు, జబ్బు, ఇంట్లో చావు లాంటి సంఘటనల గురించి. నలభై నిండటం వల్ల వచ్చిందేమీ కాదు. కాబట్టి ఆ పేరు మీరు పెట్టుకోకండి. అమ్మ తైలాభిషేకానికి వెళ్దామంటే వెళ్లండి. ఆమెతో నాలుగు గంటలు బస్సులో పక్కపక్కన కూర్చోవడం మీకు అవసరమే. రక్తపరీక్ష మాత్రం దానికి ముందే చేయించండి.

ఇక మూడోది. నాకు ఎక్కువ బెంగ కలిగించేది ఇదే.

నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లనీ ఒక ప్రశ్న అడుగుతాను: "రాత్రి రెండింటికి ఒంట్లో బాగోలేకపోతే, ఇంట్లోవాళ్లు కాక ఎవరికి ఫోన్ చేస్తారు?" 41 ఏళ్ల నెల్లూరాయన ఒకరు, పెద్ద జీతం, సర్జాపుర రోడ్డులో సొంత ఫ్లాటు. అడగగానే ఫోన్ తీసి బొటనవేలితో పేర్లు జరుపుతూ పోయారు. అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ. వాటర్ క్యాన్. ప్లంబర్ 2. స్కూలు వ్యాన్. కారు సర్వీసు. కొత్త హెచ్‌ఆర్. ఏసీ రిపేరు. మధ్యలో ఒకసారి ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్లీ జరిపారు. చివరికి ఒక పేరు దగ్గర వేలు నిలబడింది. "ఒకడున్నాడు మేడమ్. నంబరు మారిందేమో తెలీదు." ఫోన్ బల్ల మీద బోర్లించి పెట్టి, మంచినీళ్లు అడిగారు. అందులో వెయ్యికి పైగా నంబర్లున్నాయి.

ఎరిక్ ఎరిక్సన్ అనే మానసిక విశ్లేషకుడు మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా చెప్పాడు. ఇరవైలు, ముప్పైల్లో మనిషి ముందున్న పని దగ్గరితనం సంపాదించుకోవడం, అది కుదరకపోతే ఒంటరితనం అన్నాడు. మనవాళ్లు దగ్గరితనమంటే పెళ్లి అనుకుని, పెళ్లయ్యాక ఆ పని అయిపోయిందనుకుంటారు. తర్వాత బరువంతా భార్య మీదో భర్త మీదో పడుతుంది. ఆఫీసు కోపం, అమ్మానాన్నల దిగులు, డబ్బు భయం అన్నీ ఒక్క మనిషికే చెప్పాలంటే ఆ మనిషి ఎంతని మోస్తుంది?

1938లో హార్వర్డ్‌లో 268 మంది విద్యార్థులతో మొదలై, తర్వాత బోస్టన్ పేదవాడల కుర్రాళ్లు 456 మందిని కలుపుకున్న అధ్యయనం ఇప్పటికీ నడుస్తోంది. యాభై ఏళ్ల వయసులో తమ సంబంధాలు తృప్తిగా ఉన్నాయన్నవాళ్లే ఎనభైలలో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారు. అదే యాభైలో కొలిచిన కొలెస్ట్రాల్ అంత బాగా ఆ సంగతి ముందే చెప్పలేకపోయింది. పైన రక్తపరీక్షల జాబితా ఇచ్చాను కదా, దానికి సమానంగా దీన్నీ లెక్కేయమని నా మనవి.

మరి స్నేహం ఎందుకు కుదరడం లేదు? లెక్క చాలకపోవడం వల్ల. కాన్సస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ 2018లో వేసిన అంచనా ప్రకారం, కొత్త మనిషి మామూలు స్నేహితుడు కావడానికి దాదాపు 50 గంటలు కలిసి గడపాలి, స్నేహితుడు కావడానికి 90, దగ్గరి స్నేహితుడు కావడానికి 200 పైన. హాస్టలు గదిలో 200 గంటలు నెల తిరక్కుండానే అయిపోతాయి. ఇక్కడ అపార్ట్‌మెంట్ వాళ్లతో నెలకోసారి రెండు గంటల భోజనం అనుకుంటే వంద నెలలు, అంటే ఎనిమిదేళ్ల పైమాటే. మనలో లోపమేమీ లేదు, ఊరి దూరాలు, సిల్క్ బోర్డు ట్రాఫిక్ ఆ గంటల్ని మింగేస్తున్నాయి.

అందుకని నేను చెప్పేది ఒక్కటే: అదే మనుషులు, అదే చోటు, ప్రతి వారం. ఏటా ఒకసారి జరిగే ఉగాది ఫంక్షన్‌లో రెండు వందల మందిని పలకరించడం వల్ల ఇది జరగదు. నెల్లూరాయన వేలు ఆగిన ఆ నంబరు మారలేదు, మనిషి మాత్రం హైదరాబాదులో ఉన్నాడు. వాళ్లిద్దరూ ప్రతి గురువారం రాత్రి నడుస్తూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. ఇక్కడ మాత్రం ఆదివారం ఉదయం ఏడింటికి ఇంటి దగ్గరి దర్శినిలో, అంటే నిలబడి తినే చిన్న హోటల్లో, నలుగురు చేరారు. ఇద్దరు తెలుగువాళ్లు, ఒక కన్నడాయన, ఒక తమిళాయన. నిలబడి బై-టూ కాఫీ, ఇడ్లీ. మొదటి రెండు నెలలు స్థలాల ధరలు తప్ప మాటే లేదట. మూడో నెల కన్నడాయన తన తండ్రికి క్యాన్సరని చెప్పాడు. ఆ రోజు పదింటిదాకా ఎవరూ కదల్లేదు.

పెళ్లికానివాళ్ల మాట ఒకటి, క్లుప్తంగా. బెర్నిస్ న్యూగార్టెన్ అనే సైకాలజిస్టు దీన్ని సామాజిక గడియారం అన్నారు. ఏ ఈడుకి ఏది జరగాలో సమాజం పెట్టిన టైము. ఊరి గడియారం ఇరవై అయిదుకి పెళ్లి అంటుంది, ఈ ఊరి గడియారం ముప్పై రెండు అంటుంది. 31 ఏళ్ల కర్నూలు అమ్మాయి పండక్కి ఊరెళ్లి వచ్చిన ప్రతిసారీ పది రోజులు మనిషిలా ఉండదు. ఇక్కడ ఏ తేడా కనిపించని అదే జీవితం అక్కడ ఆలస్యమైపోతుంది. రెండు గడియారాల మధ్య ఉన్నానని తెలుసుకోవడంతోనే ఆ అమ్మాయికి సగం బరువు దిగింది.

నలభై తర్వాత ఎరిక్సన్ చెప్పిన దశకి ఇంగ్లీషులో జెనరేటివిటీ అనే పెద్ద మాట ఉంది. నా చెవికి దానికి సరైన తెలుగు పెద్దరికం. కుర్చీలో కూర్చుని తీర్పులు చెప్పే పెద్దరికం కాదు, మన తర్వాతవాళ్ల బాగు మన బాధ్యత అనుకునే పెద్దరికం. అది లేకపోతే మనిషి నిలవనీరు అవుతాడని ఆయన మాట. నడివయసు మనిషిని అర్థం చేసుకోవడానికే ఆయన గాంధీ మీద పెద్ద పుస్తకం రాశాడు, దానికి 1918 నాటి అహ్మదాబాద్ మిల్లు కార్మికుల సమ్మెని కేంద్రంగా తీసుకున్నాడు. అప్పటికి గాంధీకి 48 ఏళ్లు. ఉప్పు సత్యాగ్రహం ఇంకా పన్నెండేళ్ల దూరంలో ఉంది. మీకంటే పదకొండేళ్లు పెద్దవాడికి అసలు పని అప్పుడే మొదలవుతోంది.

మామూలు మనుషుల్లోనూ ఇది చూస్తాను. 52 ఏళ్లకి ఉద్యోగం పోయిన ఒకాయన, ఆరు నెలలు గది తలుపు వేసుకుని ఉన్నవాడు, ఇంట్లో పనిచేసే ఆమె కొడుక్కి పదో తరగతి లెక్కలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ వీధి పిల్లలు ఇంకో ఆరుగురు చేరారు. ఆయనకి తర్వాత చిన్న ఉద్యోగం దొరికింది. సాయంత్రం ఆరింటి లెక్కలు మాత్రం ఆగలేదు.

మీ పెద్దరికంలో ఇంకో భాగం ప్రొద్దుటూరులో ఉంది. అమ్మానాన్నలకి వయసు మీద పడుతుంటే, ఇక్కడ పిల్లలు చిన్నవాళ్లయితే, మధ్యలో ఉన్నవాళ్లు రెండు వైపులా లాగబడతారు. శుక్రవారం రాత్రి బస్సెక్కి ఆదివారం రాత్రి బస్సులో తిరిగొచ్చి సోమవారం మీటింగులో కూర్చుంటే పేరు గుర్తుకు రాకపోవడంలో వింతేముంది? అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఎవరు డబ్బు, ఎవరు ఆసుపత్రి, ఎవరు రోజూ ఫోన్ అనేది మాట్లాడి పంచుకోండి. జబ్బు వచ్చాక ఆసుపత్రి వరండాలో ఈ మాటలు మొదలుపెట్టిన కుటుంబాలు విరిగిపోవడం చాలా చూశాను.

ఒక హెచ్చరిక. మీ వెలితి ఆదివారం మధ్యాహ్నం వరకే అయితే పైన చెప్పినవి చాలు. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తారుమారు కావడం ఉంటే అది వయసు కాదు, డిప్రెషన్ కావచ్చు. దానికి వైద్యం ఉంది, పనిచేస్తుంది. చచ్చిపోతే బాగుండుననే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఏ గంటకైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ సేవకి కేంద్రం మన ఊళ్లోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్సే. నేరుగా నిమ్హాన్స్‌కి వెళ్లినా చూస్తారు, దూరమని మానుకోవద్దు.

కాడుగోడి స్నేహితుడి మాటతో ఆపుతాను. కొత్తవాళ్లతో 200 గంటలు కూడబెట్టడం ఎంత కష్టమో పైన లెక్క వేశాం. అతనితో మీరు ఆ గంటలు నాలుగేళ్ల హాస్టల్లో ఎప్పుడో పెట్టేశారు. కుందలహళ్లిలో మెట్రో ఎక్కితే చివరి స్టేషన్ వైట్‌ఫీల్డ్ (కాడుగోడి). శనివారం పొద్దున్నే రక్తం ఇచ్చేసి, పరగడుపున ఉన్నారు కాబట్టి టిఫిను అతనింట్లోనే అని ఈ రాత్రే చెప్పండి. రిపోర్టు వచ్చాక బి12, హెచ్‌బీఏ1సీ అంకెలు ఇక్కడే కింద రాయండి, చూసి జవాబిస్తాను.